బండి బ్రేకులకు ఆయుర్దాయమెంత?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగపాఠము)



నాగలి కర్రు ఎన్నాళ్లు మన్నునని ఎవరైన అడిగినచో మీరు వెంటనే బదులు చెప్పరు. ఏ నేలలో దున్నుదువని ఎదురు ప్రశ్న వేయుదురు. నల్లరేగడిలో నడచిన కర్రు వేరు, గులకరాళ్ల చెలకలో నడచిన కర్రు వేరు. బండి బ్రేకుల సంగతియు అట్టిదే. కాని బండి కొన్నపుడు మనము "బ్రేకులు ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చును?" అని అడుగుదుము. దుకాణదారు చెప్పిన అంకెను వేదవాక్యముగా తలదాల్చి, చక్రము విప్పి చూచు మాటే మరతుము. ఈ మరపును గూర్చియే నేడు మీతో ముచ్చటింప వచ్చితిమి.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట, బ్లాకు అధికారి జీపు వచ్చినదన్న ఊరంతయు చుట్టు మూగెడిది. ఆనాటి జీపులకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. నేడు బొలెరో వంటి పెద్ద బండ్లు, పట్టణవాసులు ఎస్.యు.వి. అని పిలుచునవి, ఊరూర కలవు. పెండ్లివారిని, యాత్రికులను, పురుడు పోసుకొనబోవు తల్లులను, బడిపిల్లలను కూడ అవియే మోయుచున్నవి. బొలెరోకు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులు ఉండును. డిస్కు అనగా చక్రముతో పాటు తిరుగు ఇనుప పళ్లెము. కాలితో నొక్కినపుడు ఇరువైపులనుండి ప్యాడులు దానిని పట్టి ఆపును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పాడేరునుండి చోడవరము వైపు ఘాటు రోడ్డున ఒక అద్దె బండిలో దిగుచుంటిమి. ప్యాడులు మార్చి పదునైదు వేల కిలోమీటర్లయినను కాలేదని డ్రైవరు మాతో ధైర్యముగా చెప్పెను. అబద్ధమాడలేదు. ఏడుగురము కూర్చుండవలసిన బండిలో పదునొకండుగురము ఉంటిమి. పైన సామానులు. సగము దారి దిగునప్పటికి కాలిన వాసన వచ్చినది. తరువాతి మలుపు వద్ద అతడు పెడలు నొక్కగా అది దూదివలె మెత్తగా లోనికి పోయినదే కాని బండి ఆగలేదు. అతడు గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, కొండవైపు కాలువలోనికి చక్రము దింపి ఆపినాడు. లోయ వైపు త్రిప్పియుండినచో నేడు ఈ ప్రసంగము మరియొకరు చేయవలసి వచ్చెడిది. ఒకరు బిందెతో నీళ్లు తెచ్చి చక్రముపై పోయబోగా డ్రైవరు వారించినాడు. మండుచున్న డిస్కుపై చన్నీరు పోసిన అది వంకరపోవును, పగులను కూడ పగులును. గంటసేపు నీడన కూర్చుంటిమి.

పదునైదు వేలకే అట్లేల జరిగినది? బ్రేకు చేయు పని యంతయు బండి పరుగును వేడిగా మార్చుటయే. వేగము రెండింతలైన ఆ వేడి నాలుగింతలగును. బరువు పెరిగిన కొలది వేడియు పెరుగును. తిరుమల కొండనుండి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. రెండు టన్నుల బండి ఆ దిగుడంతయు కేవలము బ్రేకులతోనే దిగినచో పుట్టు వేడితో 45 లీటర్ల నీరు మరగబెట్టవచ్చును. అంత వేడియు అరచేతి వెడల్పు ప్యాడుల వద్దనే పుట్టవలెను! అందులకే దిగునపుడు రెండవ గేరులోనో, మూడవ గేరులోనో ఉండి ఇంజనుచేతనే బండిని పట్టి ఉంచవలెను. పల్లము దిగు బండివాడు ఎడ్ల పగ్గములు బిగబట్టుట మీరెరుగనిది కాదు. డీజిలు మిగులునని గేరు తీసి న్యూట్రలులో దిగువారు, మిగిలిన దానికి పదింతలు ప్యాడులకే చెల్లించుచున్నారు. ప్రాణముల మాట అటుంచుడు.

ఇక అంకెలు. మైదానపు రోడ్డున, బరువు మితముగా నుండి, నిదానముగా నడపినచో ముందు ప్యాడులు సాధారణముగా 30,000 నుండి 60,000 కిలోమీటర్ల వరకు వచ్చును. వెనుక డ్రమ్ములలోని షూలు అంతకంటె ఎక్కువ కాలము మన్నును. ఆపునపుడు బండి బరువు ముందుకు ఒరగును గనుక ముందువే త్వరగా అరుగును. ఘాటు రోడ్డున, బరువుతో, మాటిమాటికి నొక్కుచు నడపినచో 20,000 లోపుననే ముగియవచ్చును. కనుక మీటరు చూచి తృప్తిపడుట కాదు, ప్యాడు మందము చూడవలెను. క్రొత్త ప్యాడుపై అరుగు పదార్థము సుమారు 10 మిల్లీమీటర్లుండును. అది 3 మిల్లీమీటర్లకు, అనగా రెండు రూపాయి నాణెముల మందమునకు దిగినచో మార్చవలసినదే. ముందు చక్రము విప్పి చూచుటకు అరగంట పట్టదు.

బ్రేకు ఆయిలు సంగతి చాలమంది ఎరుగరు. మా డ్రైవరును ఎరుగడు. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 అను రకము క్రొత్తదైన 205 డిగ్రీల వేడికి గాని మరగదు. తేమ చేరిన పిమ్మట 140 డిగ్రీలకే మరగవచ్చును. మరగి గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టినపుడు పెడలు దూదియగును. మాకు జరిగినది అదియే. కనుక రెండేండ్లకొకమారు దానిని పూర్తిగా మార్చవలెను. మరియొక చిన్న మాట. ప్యాడులు అరిగిన కొలది డబ్బాలో ఆయిలు మట్టము మెల్లగా దిగును. అది చూచి కొంచెము పోసి మూతపెట్టువాడు అరుగుదలను కప్పిపుచ్చుచున్నాడు. ఒక్కసారిగా దిగినచో ఎక్కడనో కారుచున్నదని అర్థము. ఇంజనాయిలు మాత్రము అందులో ఎన్నడును పోయరాదు. రబ్బరు భాగములు ఉబ్బి చెడిపోవును.

నొక్కినపుడల్లా కీచుమని అరచిన, ప్యాడు ముగియ వచ్చినదనుకొనుడు. గరగరలాడినచో ముగిసినది; ఇనుము ఇనుమును కొరుకుచున్నది. బండి ఒకవైపు లాగిన ఆ చక్రములను విప్పించుడు. వాగు దాటిన పిమ్మట రెండు మూడు మారులు మెల్లగా నొక్కి బ్రేకులను ఆరబెట్టుట మంచి అలవాటు. డ్రమ్ములో చేరిన ఇసుక షూలను ఆకురాయివలె తినివేయును. దమ్ము చేసిన పొలములలో తిరుగు బండ్లవారు ఇది గమనింపవలెను.

ఇందులో పంచాయతీకి పని యేమున్నదని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. పసుపు పలకపై నల్ల అక్షరములు గల బండి కిరాయి బండి. దానికి ఎనిమిదేండ్ల వయసు వరకు రెండేండ్లకొకమారు, ఆపైన ఏటేటా యోగ్యతా పరీక్ష కలదు. తెల్ల పలక గల సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్ల వరకు చెల్లును. ఆలోపల దాని బ్రేకులను చూడవలసిన బాధ్యత యజమానిదే. ఆ బండినే గుట్టుగా కిరాయికి త్రిప్పినచో చూచువాడెవ్వడు? అట్టి బండి ప్రమాదమునకు లోనైన భీమా పరిహారమునకును చిక్కులు వచ్చును. ఊరిలో ఏ బండి ఎవరిని మోయుచున్నదో జిల్లా కార్యాలయమున కూర్చున్న మాకు తెలియదు, మీకు తెలియును. బడికి పిల్లలను తీసికొనిపోవు ప్రతి బండి సొంతదారును ఒక్క ప్రశ్న అడుగుడు: ముందు ప్యాడులు ఎప్పుడు విప్పి చూచితిరి? ఆ తేదీని పంచాయతీ కార్యాలయపు నోటుపుస్తకమున వ్రాయించుడు. దీనికి నిధులు అక్కరలేదు, తీర్మానమును అక్కరలేదు. మొదట అలుగువారు ఉందురు. సర్పంచిగారి బావమరిది బండియైన మరికొంచెము అలుగుదురు. అడుగుట మానకుడు.

భోజనానంతరము మెకానిక్కు ఒకరు వెలుపల రావిచెట్టు క్రింద ఒక బొలెరో ముందు చక్రము విప్పి, క్రొత్త ప్యాడును, అరిగిన ప్యాడును ప్రక్కప్రక్కన పెట్టి చూపుదురు. బండ్లలో వచ్చిన సభ్యులు తాళములు వెంట తీసికొని రండు. మీ బండ్ల ప్యాడులను కూడ అక్కడనే చూడవచ్చును.