బిడ్డతో పరాయి రాష్ట్రానికి పోయే ముందు
(వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలోని మన కుటుంబాల తగవులు మా దగ్గరకు వస్తూనే వుంటాయి. వాటిలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టేది ఒకటుంది. ఆలుమగలు విడిపోతారు. పిల్లవాడు తల్లి దగ్గర వుంటాడు. ఆమెకు భివండీలోనో బీదరులోనో అన్నగారి అండ, నాలుగు రాళ్లు వచ్చే పని దొరుకుతాయి. చెప్పాపెట్టకుండా పిల్లవాణ్ణి తీసుకుని వెళ్లిపోతుంది. పండుగకు కొత్త బట్టలు పట్టుకొచ్చిన తండ్రికి తలుపుకు తాళం కనిపిస్తుంది. పొట్టకూటికి పోవద్దని ఆమెను ఎవరనగలరు? బిడ్డను మరచిపొమ్మని ఆయనకు ఎవరు చెప్పగలరు?

హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం మగపిల్లవాడు ఏడేండ్లవరకు, ఆడపిల్ల యుక్తవయస్సు వరకు తల్లి పెంపకంలో వుండాలి. ఇదే హిజానత్. సంరక్షకత్వం మాత్రం తండ్రిది, ఖర్చూ ఆయనదే. తండ్రి వెళ్లి బిడ్డను చూసి పొద్దుగూకేలోగా తిరిగి రాగలిగినంత దూరమైతే తల్లి మకాం మార్చవచ్చునని హిదాయా గ్రంథం చెబుతుంది. నికాహ్ జరిగిన తన పుట్టినూరికైతే దూరమైనా పోవచ్చు.

ఆలోచించి చూడండి. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. భూపాలపల్లి తండ్రికి అది హైదరాబాదుకన్నా దగ్గర. అదే భివండీ అయితే బస్సులో వరంగల్లు చేరి రైలెక్కాలి. గనిలో షిఫ్టులు చేసేవాడికి ఎన్ని సెలవులు దొరుకుతాయి?

ఇక చట్టం సంగతి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం యీనాటికీ అమలులో వుంది. కోర్టు నియమించిన సంరక్షకులు, నిబంధనలు వొప్పుకున్న పనులకు తప్ప, అనుమతి లేనిదే బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించరాదని దాని 26వ సెక్షను. అడిగితే కాదంటారేమోనని భయపడవద్దు. ఉద్యోగంకోసం బిడ్డతో ఆస్ట్రేలియా వెళ్లదలచిన ఒక తల్లికి 2010లో సుప్రీంకోర్టు అనుమతి నిచ్చింది. ఆ పిల్లవాడితో స్వయంగా మాట్లాడింది, తండ్రి చూసుకునే హక్కునూ నిలిపింది. అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి పిల్లలతో హైదరాబాదు వచ్చేసిన ఒక తెలుగు తల్లి విషయంలో మాత్రం, పిల్లలు తిరిగి అక్కడికే వెళ్లాలని 2019లో తేల్చింది. రెండింటా చూసింది బిడ్డ మేలే.

తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాల్లో వున్నప్పుడు, బిడ్డ దగ్గరలేనివారికి రోజూ అయిదు పది నిమిషాలు మాట్లాడే హక్కుండాలని 2020లో అదే కోర్టు చెప్పింది.

కనుక తల్లులకు మా మనవి: పోయే ముందే చెప్పండి. కొత్త చిరునామా, బడి పేరు, సెలవుల్లో బిడ్డ ఎక్కడుండేది, రైలు ఖర్చు ఎవరిది, ఫోను ఏ వేళకు అన్నది కాగితం మీద వ్రాసుకోండి. కోర్టు ఉత్తర్వు వుంటే ఆ కాగితంతోనే అనుమతికి అర్జీ పెట్టుకోండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం వుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

తండ్రులకూ ఒక మాట. ఖర్చు ఎగ్గొట్టి, "బిడ్డను కదలనివ్వను" అనడం న్యాయం కాదు. మీరు నెలనెలా పంపితే ఆమె వూరు విడిచే అవసరమే రాకపోవచ్చు.

పెద్దలు విడిపోయారు సరే, బిడ్డ ఎవరితోనూ విడిపోలేదు. అమ్మీ దగ్గర పడుకున్నా అబ్బా గొంతు వినాలనుకుంటాడు. ఆ గొంతు అందేలా చూడటం మనందరి బాధ్యత.