తైలవర్ణ చిత్రంలో ప్రతీక
(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి, చిత్రలేఖనోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



చిత్రకళను గూర్చి ప్రసంగించమని ఆహ్వాన సంఘంవారు కోరినప్పుడు కొంత సందేహించాను. దరియాలతిప్ప పిల్లవాడికి బొమ్మ అంటే మొదట పలకమీద బలపం, ఆ పైన ఏటి ఒడ్డున తడి ఇసుక. తైలవర్ణాల పెట్టెను నేను కన్నులారా చూచినది ఇరవై యేండ్లు నిండిన తరువాతనే. అయినా నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ కాక మరెక్కడ చెప్పగలను?

ప్రతీక అనగానే మనకు కమలం, శంఖం, హంస స్ఫురిస్తాయి. అవి తరతరాల ఉమ్మడి ఆస్తి. వాటిని చిత్రించినంతమాత్రాన చిత్రకారుని హృదయం తెలియదు. ఎరుపు కోపమనీ, నలుపు దుఃఖమనీ పిల్లలచేత వల్లెవేయించే పద్ధతి కూడా నాకు సమ్మతం కాదు. నావకు కొత్తగా తారు పూసిన నలుపు మన ఇళ్ళలో దుఃఖమా? అది మళ్ళీ వేటకు పోబోతున్న సంబరం కదా!

హాలండు దేశపు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తండ్రి మతబోధకుడు. తండ్రీకొడుకులకు పొసగలేదు. 1885 మార్చిలో తండ్రి మరణించాడు. ఆ అక్టోబరులో కుమారుడు ఒక తైలవర్ణ చిత్రం వేశాడు. బల్లమీద తెరచి ఉన్న తండ్రిగారి బైబిలు, ప్రక్కన ఆరిపోయిన కొవ్వొత్తి, ముందు నలిగిన పసుపు అట్టతో ఎమిలీ జోలా నవల. అంతే. మనిషి లేడు, కన్నీరు లేదు. ఆ చిన్న పుస్తకం పెద్ద గ్రంథాన్ని ధిక్కరిస్తున్నదని కొందరంటారు. నాకు మాత్రం అది తండ్రి పాదాలవద్ద తలవంచుకొని నిలుచున్న కొడుకువలె తోస్తుంది. మరుసటి సంవత్సరం పారిస్ చేరిన పిదప ఆయన వర్ణాలు వెలుగెక్కాయి. ఆ మార్పునకు ముందు ఈ వీడ్కోలు ఉన్నది.

మన గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావుగారు 1897లో జన్మించి, బొంబాయిలో విద్య నేర్చి, 1923లో స్వస్థలంలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో మశూచికి బలియైనారు. జలవర్ణాలలోనూ తైలవర్ణాలలోనూ కృషిచేశారు. ఆయన చిత్రాలలో ఒకటి ‘సిద్ధార్థ రాగోదయం’. సిద్ధార్థుడనగానే అందరికీ వైరాగ్యమే గుర్తుకు వస్తుంది. ఆయన అనురాగం అంకురించిన క్షణాన్ని ఎన్నుకొన్నారు. మనిషి మారే ఘడియను పట్టుకోవడానికి ధైర్యం కావాలి. విద్యార్థులు రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు ఆయన పేరిటి చిత్రశాలను తప్పక దర్శించాలని నా మనవి.

తైలవర్ణం ఓర్పు నేర్పే వస్తువు. అవిసెనూనె నీటివలె ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడుతుంది. మన తీరపు తేమగాలికి మరింత ఆలస్యం. క్రింది పొరలో నూనె తక్కువగానూ, పై పొరలో ఎక్కువగానూ ఉండాలి; తారుమారైతే కాలక్రమాన పగుళ్ళు వస్తాయి. వేసినదానిని గీకివేయవచ్చు, కప్పివేయవచ్చు. కానీ దట్టంగా వేసిన కుంచె గీతల గట్లు పై పొర క్రింద నిలిచే ఉంటాయి.

ఇక నా సంగతి. బొమ్మల చదువుకని మా నాన్నగారి మాట కాదని ఇల్లు విడిచాను. 1996 నవంబరు 6 నాటి తుపాను రాత్రి నేను ఊళ్ళో లేను. నావ పోయింది, ఆయన మిగిలారు. కానీ మరల ఏటిలోకి దిగలేదు. నాలుగేండ్లకు కన్నుమూశారు. ఆయన ముఖాన్ని మూడుసార్లు చిత్రించబోయాను. మూడుసార్లూ దండ వేసిన ఫొటోవలె వచ్చింది. నా తప్పును దాచుకొని ఆయన పోలికను వెదుకుతున్నానని అప్పటికి గ్రహించలేదు.

చివరకు గట్టుమీద బోర్లించిన నావను వేశాను. దానిపై ఆయన కూర్చున్నట్లు వేసి, మనసొప్పక, బూడిదరంగు ఆకాశంతో కప్పివేశాను. నావ ప్రక్కన బురదలో ఒక ఉప్పుపొన్న మొక్కను నిలిపాను. ఆ చెట్టు గింజ తల్లికొమ్మను అంటియుండగానే మొలకెత్తి, పిదప రాలి, బురదలో నాటుకొంటుంది. కోరంగి మడ అడవిలో చిన్ననాడు ఆయనే నాకు దానిని చూపించారు.

చిత్రాన్ని ఇంటికి తెచ్చి వసారాలో పడమటి కిటికీ ప్రక్కన ఆనించాను. సాయంత్రపు ఏటవాలు వెలుగు దానిమీద పడింది. అమ్మ చాలాసేపు చూచింది. నావను గూర్చి గానీ, మొక్కను గూర్చి గానీ ఏమీ అడుగలేదు. ఆకాశం మీద వేలు పెట్టి, “ఇక్కడెవరో కూచున్నట్టుందిరా నాయనా” అన్నది.

అప్పటినుండి ఆ చిత్రం అక్కడే ఉన్నది. మా ఇంటికి రాదలచినవారు సాయంత్రం ఐదు దాటిన తరువాత రండి.