దామర్ల వారి చెన్నపట్నం



ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ వేళ, ఈ పట్టణ స్థాపనకు కారకులైన తెలుగు నాయకులను స్మరించడం మన విధి. 1639లో దామర్ల వేంకటప్ప నాయకుడు ఇక్కడి సముద్రతీరాన్ని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు ఇచ్చాడని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెడతాయి. చదివిన పిల్లవానికి నాయకుడు అమాయకుడనే తోస్తుంది. అది అన్యాయం.

ఆయన ఇరుగుపొరుగును చూడండి. ఉత్తరాన ప్రళయకావేరిలో, అనగా పులికాట్‌లో, డచ్చివారు. దక్షిణాన శాంథోమ్‌లో పోర్చుగీసువారు. 1612లో పోర్చుగీసువారు పులికాట్ స్థావరాన్ని ధ్వంసం చేయగా, మరుసటి ఏడే డచ్చివారు అక్కడ కోట కట్టుకున్నారు. నాయకునికి ఏలిక చంద్రగిరి ప్రభువు వేంకటపతిరాయలు. ఆ రాజ్యమా, క్షీణదశలో ఉన్నది. ఆవల గోల్కొండ కాచుకొని ఉన్నది.

వేంకటప్ప సోదరుడు అయ్యప్ప, ఈ రెండు రేవుల కలహాన్ని మాన్పడానికే, నడుమ తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్నం నిర్మించాడని ఆ వంశీయుడైన అంకభూపాలుని ‘ఉషాపరిణయము’ చెబుతున్నది. 1996లో రాజధానికి అధికారికంగా చెన్నై అని పేరు మారినప్పుడు ఈ తండ్రిని తలచినవారు ఎందరో! (ఆ పేరుకు ఇతర వ్యుత్పత్తులు చెప్పేవారూ ఉన్నారు, వారితో నాకు తగవు లేదు.) ఇంగ్లీషువారి ద్వారా పారశీక గుర్రాలను తెప్పించుకోవాలన్న ఆలోచన కూడా వేంకటప్పకు ఉండేది. యుద్ధకాలంలో అది చిన్న కోరిక కాదు.

1642లో వేంకటపతిరాయలు మరణించాడు. 1646 నాటికి ఈ ప్రాంతం గోల్కొండ వశమైంది. దామర్ల వారి ప్రాభవం అంతరించింది. నడుమ అడ్డుగా నిలుపుకొన్న ఇంగ్లీషువారు మాత్రం 1947 దాకా ఉన్నారు.