కంకణం కట్టిన చేతులు
(బరంపురంలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. ఇక ఇంటింటా పెళ్ళి ముహూర్తాల మాట వస్తుంది. అందుచేత పెళ్ళిని గురించే నాలుగు మాటలు మనవి చేయదలచినాము. మన ఇళ్ళలో ఈమధ్య ఒక కొత్త కోరిక వినవస్తున్నది. "మా పెళ్ళి మాకు అర్థమయ్యేటట్లు జరగాలి. మా ఇద్దరి చేతులూ కలిపి ఒక రంగుల తాడుతో కట్టండి. ఒకరికొకరం ప్రమాణం చెప్పుకుంటాము" అని పిల్లలు అడుగుతున్నారు. "ఇదెక్కడి దొరల తంతు?" అని పెద్దలు విసుక్కుంటున్నారు. ఉభయపక్షాలవారూ కొంచెం నిదానించి మా మాట వినవలెనని కోరుతున్నాము.

ఈ తాడు తంతును ఇంగ్లీషువారు హ్యాండ్‌ఫాస్టింగ్ అంటారు. మాట చాలా పాతది. పూర్వం దానికి అర్థం, చేతిలో చేయి వేసి పెళ్ళికి మాట ఇచ్చుకోవడం. స్కాట్లండులో మతగురువు లేకపోయినా, ఇద్దరూ మనసా ఒప్పుకొని చెప్పిన మాటతోనే పెళ్ళి చెల్లే పద్ధతి 1940 దాకా ఉండేది. ఏడాది ఒక రోజు కాపురం చేసి, నచ్చకుంటే విడిపోయేవారన్న కథ వాల్టర్ స్కాట్ 1820లో ప్రకటించిన 'ది మొనాస్టరీ' నవల వల్ల బాగా వ్యాపించింది. దానికి గట్టి ఆధారం లేదని ఎ. ఇ. ఆంటన్ అనే పండితుడు 1958లో వ్యాసం వ్రాసి చూపినాడు. ఇప్పుడు మనం చూసే రంగుల తాడు ఇరవయ్యవ శతాబ్దంలో ప్రబలిన వాడుక. అంటే అక్కడ కూడ తాడు కొత్తది, ఇచ్చుకునే మాట పాతది.

చేతులు కట్టడం చూడడానికి అంత దూరం పోనక్కరలేదు. పొరుగున ఒడియావారి పెళ్ళికి వెళ్ళినప్పుడు గమనించండి. వధూవరుల చేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, దర్భతో గాని దారంతో గాని పురోహితుడు ముడి వేస్తాడు. దానిని వారు హాతగంఠి అంటారు. గంఠి అంటే మన గ్రంథియే, ముడి అన్నమాట. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ బరంపురం ఇటు వచ్చింది. మన తెలుగు కుటుంబాలు ఇక్కడే నిలిచినవి. ఇప్పుడు కొన్ని ఇళ్ళలో ఒడియా సంబంధాలు కూడ కలుస్తున్నవి. అటువంటి పెళ్ళిలో ఇది వియ్యాలవారి ఆచారం. దానిని వింతగా చూడడం మర్యాద కాదు.

ఇక మన సంగతి. మన పెళ్ళిలో ముళ్ళకు కొదవ లేదు. పసుపు దారానికి పసుపుకొమ్ము గాని మామిడాకు గాని కట్టి, వరునికి కుడిచేతికి, వధువుకు ఎడమచేతికి కంకణం కడతాము. పాణిగ్రహణంలో వరుడు వధువు చేయి పట్టుకుంటాడు. 'నీ చేయి పట్టుకుంటున్నాను' అన్న అర్థం గల మంత్రం ఋగ్వేదం పదవ మండలంలోని వివాహసూక్తంలోనే ఉన్నది. మంగళసూత్రానికి మూడు ముళ్ళు. ఉత్తరీయానికీ చీరకొంగుకూ కలిపి వేసే బ్రహ్మముడి ఒకటి. ఏదైనా సాధించి తీరవలెనని పట్టుబట్టినవాణ్ణి 'కంకణం కట్టుకున్నాడు' అంటాము గదా! చేతికి దారం కట్టడమంటే మాటకు కట్టుబడడమని మన భాషే చెబుతున్నది.

మన ఆడపిల్లలు అడిగే ప్రశ్న ఒకటున్నది. "తాళి నాకే ఎందుకు? మాట అతనొక్కడే ఎందుకు ఇవ్వాలి?" అంటారు. ఈ ప్రశ్నను కసరి తోసివేయరాదు. ధర్మార్థకామాలలో ఈమెను అతిక్రమించనని, నాతిచరామి అని, వరుని చేతనే చెప్పిస్తారు. నిజమే. కాని కంకణం ఇద్దరికీ ఉన్నది. వరుడు వధువుకు, వధువు వరునికి కట్టే ఆచారం చాలా ఇళ్ళలో ఉన్నది. బ్రహ్మముడి ఇద్దరినీ సమానంగానే కడుతుంది. పిల్లలు కోరే సమత్వానికి మన తంతులోనే చోటున్నది. కాని ఆ ఘట్టం బాజాల చప్పుడులో, ఫోటోల హడావుడిలో రెండు నిమిషాలలో గడిచిపోతున్నది.

అందుచేత మా సూచనలు మూడు. కంకణం కట్టే వేళ వాద్యాలు ఆపించి, దాని అర్థం తెలుగులో రెండు వాక్యాలు చెప్పించండి. వియ్యాలవారు ఒడియావారైతే ఆ భాషలోనూ చెప్పించండి. రెండవది, పాణిగ్రహణం కాగానే వధూవరులిద్దరూ తమకు వచ్చిన భాషలో ప్రమాణం పైకి చెప్పుకోనివ్వండి. చేతులు కట్టవలెనన్న ముచ్చట ఉంటే అప్పుడే కట్టండి. పసుపు దారమైనా సరే, మన బరంపురం పట్టుపోగైనా సరే.

మూడవది చట్టం సంగతి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఇరుపక్షాలలో ఎవరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి జరుపవచ్చును. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడవ అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. ఏ తంతూ లేకుండా ధ్రువపత్రం మాత్రం తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక తాడు కట్టి సప్తపది మానుకోవడం క్షేమం కాదు. తంతే వద్దనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది. దానికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వవలె. ఏ దారిన పోయినా రిజిస్ట్రేషను మరువకండి.

పెళ్ళి ముచ్చట్లు తీరిన తరువాత కంకణం విప్పుతాము. హాతగంఠీ విప్పుతారు. పరదేశపు తాడునూ విప్పుతారు. మిగిలేది ఆ వేళ ఇచ్చుకున్న మాట ఒక్కటే. అది ఇద్దరికీ అర్థమయ్యేటట్లు చెప్పించడం పెద్దలుగా మన విధి. ఈ ఏడు పెళ్ళిపీటల మీద కూర్చునే మన బిడ్డలందరికీ మా ఆశీస్సులు. సెలవు.