ఒక్కరోజులో ఓరుగల్లు

హైదరాబాదులో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే వరంగల్లులో దిగొచ్చు. ముందు కోటకే వెళ్లండి, అక్కడ నీడ తక్కువ. కాకతీయుల కోటకు బయట మట్టిగోడ, లోపల రాతిగోడ. నడుమ స్వయంభూ శివాలయం శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. 1323లో కోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది. గుడి కూలిపోయినా తోరణాలు నిలిచాయి. దగ్గరికెళ్లి తలెత్తి చూడండి: పైన హంసలు, కింద వరసగా వేలాడే తామరమొగ్గలు, అన్నీ రాతివే.

మధ్యాహ్నం హనుమకొండ వేయిస్తంభాల గుడి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి తలో గర్భగుడి. స్తంభాలు లెక్కపెడుతూ కూర్చోకండి, నల్లరాతి నంది నునుపు చూడండి. రామప్ప గుడినీ అదేరోజు చుట్టేద్దామంటారు కొందరు. అది ఇక్కణ్ణుంచి ఇంకా 60 కిలోమీటర్లకు పైనే. దానికి వేరే రోజు పెట్టుకోండి.