భూకంపములు – బడి గోడలు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



బడి మేడమీద రెండు గదులు వేయవలెనని సంఘము తలపెట్టిన నాటినుండి మీలో పలువురు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు: "రాతిగోడ యుండగా ఈ ఉక్కు చట్రములు, ప్లైవుడ్డు ఎందులకు సారూ? పిల్లల ప్రాణములు వానికి అప్పగింతుమా?" ప్రశ్న న్యాయమైనది. నేను ఇంజినీరును కాను. చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినంత మనవి చేసెదను.

మన పొరుగు జిల్లాయగు లాతూరులో 1993 సెప్టెంబరు 30న జరిగినది మీరెరుగుదురు. వినాయక నిమజ్జనము ముగించుకొని జనులు నిద్రించియుండిరి. తెల్లవారుజామున నాలుగు కావచ్చుచుండగా కిల్లారి ప్రాంతమున భూమి కంపించెను. ప్రమాణము 6.2. లోకములో దీనికన్న పెద్ద కంపములు ఎన్నియో వచ్చినవి. అయినను మృతులు 8,000కును 10,000కును నడుమ నుందురని అంచనా. అంతవరకు దేశపు భూకంప పటములో ఆ ప్రాంతము మిక్కిలి తక్కువ ప్రమాదముగల మండలముగనే యుండెను. మనకేల యనువారుందురు. 2024 మార్చి 21నను, జులై 10నను హింగోలి జిల్లాలో పుట్టిన కంపములు మన నాందేడు జిల్లాలోను తెలిసినవి.

కిల్లారిలో చంపినవి ఇండ్లే. రెండడుగులకు మించిన రాతిగోడలు. రాళ్ళ నడుమ మట్టియే గాని సిమెంటు లేదు. వెలుపలి వరుస, లోపలి వరుస వేరువేరుగా పేర్చి నడుమ చిన్నరాళ్ళు నింపిరి. రెంటిని కలిపిపట్టు పొడుగురాళ్ళు లేవు. పైన దూలములమీద మట్టి మిద్దె. చల్లగా నుండునని ఆ మట్టిని మందముగా పరచిరి. మన పెద్దల యిండ్లును ఇట్టివే గదా! కుదుపు రాగానే గోడ రెండు పొరలుగా చీలినది, మిద్దె మీదపడినది. పిదప చాలమంది రాతియింట పడుకొనుటకు వెరచి రేకుల షెడ్లలో కాలము గడిపిరి. చదువురానివారి భయమని నవ్వరాదు. అందులో శాస్త్రము కలదు.

భూమి పక్కకు కదలినపుడు గోడపై పడు బలము దాని బరువునుబట్టి యుండును. రెండడుగుల రాతిగోడ చదరపు మీటరుకు 1,000 కిలోలకు మించి తూగును. ఉక్కు చట్రమునకు ప్లైవుడ్డు బిగించిన గోడ అంతే కొలతకు 50 కిలోలకు లోపే. మేడమీద వేయునపుడు ఈ భేదము మరింత ముఖ్యము. క్రింది గోడలు మోయగలవో లేవో ఇంజినీరు పరీక్షించి వ్రాసి యిచ్చిన పిదపనే పని మొదలు పెట్టవలెను.

తేలికదనము ఒక్కటి చాలదు. పిల్లల పలకను చూడుడు. పలక పగిలిపోయినచో చెక్క చట్రము మూలలవద్ద వదులై ఒరుగును. పలుచని ఉక్కు చట్రమును అట్టిదే. దానికి ప్లైవుడ్డును దగ్గర దగ్గరగా స్క్రూలతో బిగించినపుడే ఒరుగక నిలుచును. ఇంజినీర్లు దీనిని షియర్ గోడ యందురు. పెద్ద కుదుపులో స్క్రూలు వాలి, చెక్కను నొక్కుచు ఆ శక్తిని తినివేయును. 2013లో అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయమున ఇట్టి రెండంతస్తుల కట్టడమును కంపించు వేదికపై నిలిపి, 1994 నాటి నార్త్‌రిడ్జ్ భూకంపపు కదలికలతో ఊపి చూచిరి. ప్లైవుడ్డుకు బదులు చెక్కతునకలు అదిమి చేసిన షీట్లు వాడిరి. కట్టడము చెక్కుచెదరక నిలిచెను.

ఇక నా అనుమానమంతయు పనితనము మీదనే. దుకాణముల అడ్డుగోడలకు వాడు చానెళ్ళు, జిప్సం బోర్డులు తెచ్చి "ఇదియు అదే" యను గుత్తేదారులు కలరు. అది కాదు. నిండు బీరువాను పక్కకు తోసినచో ఒకవైపు కాళ్ళు లేచును. గోడయు అట్లే లేచును. కావున ప్రతి షియర్ గోడ రెండు కొనలను క్రింది కాంక్రీటుకు ఉక్కు పట్టీలతో, బోల్టులతో బిగింపవలెను. కిటికీల మోజులో గోడ నంతయు తెరువరాదు. పదడుగుల ఎత్తుకు కనీసము అయిదడుగుల వెడల్పున తెరపిలేని భాగము ఉండవలెను. మన ఊరి చెదలను, వానలను తలచి ఐ.ఎస్. 710 ముద్రగల ప్లైవుడ్డే కొనవలెను. వెల యెక్కువే, రంగులలో తగ్గించుకొందము.

షీటు అంచులవెంట ఆరంగుళముల కొకటి చొప్పుననైనను, నడుమ స్తంభములవెంట అడుగున కొకటి చొప్పున స్క్రూలుండవలెను. ఇంజినీరు ఇంకను దగ్గరగా వేయుమన్న అట్లే వేయింతము. లోపలి బోర్డు కప్పిన తరువాత ఇవేవియు కనబడవు. కావున కప్పకముందు ఒక ఆదివారము ఉదయము మీరందరును బడికి రండు. టేపు నేను తెచ్చెదను. స్క్రూలు పిల్లలచేతనే లెక్కపెట్టింతము.