మల్లెకు కత్తెర వేయడానికి భయపడకండి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘ సభ్యురాలి ప్రసంగం)

 మైకులో మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. నాకు తెలిసింది మల్లెతోట. అదే చెబుతాను.

సంఘంలో అప్పు తీసుకుని 20 సెంట్లలో గుండుమల్లె వేశాను. తొలకరికి నాలుగడుగులకొక గుంత, అడుగున్నర లోతు తీసి, గుంతకో గంప మాగిన పశువుల ఎరువు వేసి అంట్లు నాటాం. రెండో ఏటికి చెట్లు ఏపుగా ఎదిగాయి. చలికాలంలో నీళ్లు ఆపి కొమ్మలు కత్తిరించమని తోటలున్నవాళ్లు చెప్పారు. పచ్చని చెట్టును కొయ్యడానికి నాకు చేతులు రాలేదు. నీళ్లు ఆపితే పిల్లల నోటికాడ కూడు లాగినట్టు అనిపించింది. తడి పెడుతూనే ఉన్నాను.

వేసవి వచ్చింది. పక్క తోటల్లో బుట్టల కొద్దీ మొగ్గలు. నా తోటలో చూస్తే ఆకే! మూడు నెలలు కిస్తీ కట్టలేకపోయాను. మా సంఘం వాళ్లు తలా కొంత వేసి కట్టారు. ఆ రోజు మీటింగులో తలెత్తలేదమ్మా.

మరుసటి ఏడు చెప్పినట్టు చేశాను. అక్టోబరు, నవంబరుల్లో తడులు తగ్గించి, ఆపేశాను. నవంబరు ఆఖర్లో మోకాలెత్తున కొమ్మలు కత్తిరించాను. ఎండుపుల్లలు, తెగులు పట్టినవి తీసేశాను. పాదులు తవ్వి, ఎరువు వేసి, అప్పుడు నీళ్లు పెట్టాను. కొత్త చిగురుకే మొగ్గ వస్తుంది. మార్చికల్లా కోత మొదలైంది.

కోత తెల్లవారకముందే అవ్వాలి. బాగా ఊరి, తెల్లబడి, ఇంకా విచ్చని మొగ్గే కొయ్యాలి. విచ్చిన పువ్వుకు మార్కెట్లో ధర రాదు. మొగ్గ ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు తొలుస్తున్నట్టే. అలాంటివి ఏరి కాల్చెయ్యండి, తోటలో పారేయకండి. మొదట్లోనే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టండి. పాదులో నీళ్లు నిలవనివ్వకండి, వేరు కుళ్లుతుంది.

ఇంకొక్క మాట. మల్లె డబ్బు ఏడాదంతా రాదు. వేసవిలో రోజూ చేతికొస్తుంది, వానలు ముదిరాక తగ్గిపోతుంది. కిస్తీ మాత్రం ప్రతి నెలా వస్తుంది. అందుకే పూలు అమ్మిన రోజే కొంత తీసి వేరే డబ్బాలో వేస్తాను. వారానికోసారి బ్యాంకులో కడతాను. పూలు లేని నెలల కిస్తీ అందులోంచే. ఆ పద్ధతి పెట్టుకున్నాక ఒక్క కిస్తీ కూడా తప్పలేదు. అప్పుడు నా కోసం వేసిన డబ్బులు అందరికీ తిరిగిచ్చేశాను.

సమాఖ్యను ఒకటి అడుగుతున్నాను. పూలతోటలకు అప్పిచ్చేటప్పుడు కోత నెలల్లో కిస్తీ ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ పెట్టే వీలుంటే ఆలోచించండి. కొత్తగా తోట వేసే అక్కలు నవంబరులో మా చేలోకి రండి. కత్తెర నా దగ్గరుంది. మొదటి కొమ్మ మీ చేతే కత్తిరిస్తాను, భయం పోతుంది.